అబ్బా వదిలివెళ్లిన పావురాలు

దేవరకొండలోని మా పుట్టింటి మిద్దె మీద పావురాల గూళ్లు నేను పుట్టకముందు నుంచే ఉండేవట. అబ్బా దర్జీ. పగలంతా కుట్టుమిషను ముందు వంగి కూర్చునే ఆయనకు అసర్ నమాజు తరువాత మిద్దె ఎక్కి పావురాలను ఎగరవేయడం ఒక్కటే విలాసం. ఆయన ఈల వేస్తే కోట వైపు వెళ్లిన గుంపు వంపు తిరిగి మా ఇంటి మీదికి వచ్చేది. అప్పుడు తలెత్తి చూసే ఆయన ముఖంలో కనిపించిన సంతోషం నాకింకా గుర్తుంది.

2016లో అబ్బా అల్లాహ్ సన్నిధికి చేరుకున్నారు. మరుసటి ఏడాది తమ్ముడు డ్రైవరు పని మీద జిద్దా వెళ్లాడు. నాకు అప్పటికే పెళ్లయి మహబూబ్‌నగర్‌లో కాపురం. దేవరకొండ ఇంట్లో అమ్మీ, ఆమెకు తోడుగా పద్దెనిమిది పావురాలు మిగిలాయి.

మోకాళ్ల నొప్పుల వల్ల అమ్మీకి మెట్లు ఎక్కడం కష్టమైంది. దానికి తోడు మిద్దె మీద పిల్లుల బెడద. అందుచేత గూళ్ల పెట్టెను కిందికి దింపించి, తాను పడుకునే గదిని ఆనుకుని ఉన్న వరండాలో పెట్టించింది. చలికాలంలో వాటికి గాలి తగలకుండా వరండాకు గోనెపట్టాలు కట్టేది. ఫజర్ నమాజు ముగియగానే ఎండిన రెట్టలు ఊడ్చడం, జొన్నలూ సజ్జలూ వేయడం, మట్టి మూకుట్లో నీళ్లు మార్చడం ఆమె దినచర్య. "వీటి రెక్కల చప్పుడు వింటుంటే మీ అబ్బా మిద్దె మీద ఉన్నట్టే ఉంటుంది బేటీ" అనేది. ఆ మాట విన్న తరువాత వాటి గురించి మేమెవరమూ ఇంకేమీ అనలేకపోయాం.

2021 చలికాలంలో ఆమెకు పొడిదగ్గు మొదలైంది. కరోనా భయంతో రెండుసార్లు పరీక్ష చేయించాం. లేదన్నారు. దుమ్ము వల్ల అని ఒకరు, వయసు వల్ల అని మరొకరు, ఎవరికి తోచిన కారణం వారు చెప్పారు. తేనె, మిరియాల కషాయం, కలౌంజీ నూనె అన్నీ అయ్యాయి. దగ్గు మాత్రం పోలేదు.

2022 రమజాన్ నెలకు ఆమెను మా ఇంటికి తీసుకువచ్చాను. పావురాలకు గింజలు వేసే బాధ్యత పక్కింటి కుర్రవాడు తీసుకున్నాడు. మొదటి రోజుల్లో అమ్మీ తరావీహ్ నమాజును కూర్చునే చేసేది. సజ్దా నుంచి తల ఎత్తేసరికి ఆయాసం వచ్చేది. మూడో వారానికల్లా నిలబడి చేయసాగింది. పండుగనాడు షీర్‌ఖుర్మా తానే కలిపింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లు "కూతురి చేతి అన్నం మహిమ" అన్నారు. నేనూ అదే నమ్మాను. నా సేవను అల్లాహ్ స్వీకరించాడని మురిసిపోయాను.

షవ్వాల్‌లో ఆమె దేవరకొండకు తిరిగి వెళ్లింది. పది రోజులు గడవకముందే ఫోనులో మళ్లీ దగ్గు వినిపించింది. "నేను దగ్గర లేకపోతే సరిగ్గా తినదు" అని తమ్ముడితో చెప్పాను. ఆ మాటలో కొంత గర్వం కూడా ఉందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆ వానాకాలంలో ఆమె బాగా చిక్కిపోయింది. సాయంత్రాల్లో ఒళ్లు వెచ్చబడేది. ఎక్స్‌రేలో మచ్చలు కనిపించాయి. కఫంలో క్షయ క్రిమి దొరకకపోయినా అదే అయి ఉంటుందని ఆరు నెలలు మందులు వాడించారు. ఆ మందులు రాసినవారిని నేను తప్పుపట్టబోవడం లేదు. క్షయ ఇంతగా ఉన్న మన దేశంలో దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఒకచోట కనిపిస్తే ఎవరి అనుమానమైనా మొదట అటే పోతుంది. పైగా ఇంట్లో పావురాలున్నాయని మేము చెప్పలేదు. అది చెప్పవలసిన సంగతి అని మాకు తోచనేలేదు. 2023 రమజాన్‌కు ఆమె మళ్లీ మా ఇంటికి వచ్చింది, మళ్లీ తేరుకుంది. ఈసారి ఆ ఘనతను మందులకు ఇచ్చాం.

బక్రీద్ నాటికి పరిస్థితి చేయిదాటింది. వరండా నుంచి వంటింటి దాకా నడవడానికి మధ్యలో ఒకసారి కూర్చోవలసి వస్తోంది. అప్పుడు హైదరాబాదు తీసుకువెళ్లాం.

అక్కడ మేము కలిసిన ఊపిరితిత్తుల వైద్యులు పెద్ద వయసువారు. ఛాతీ సీటీ స్కాన్ ఫిల్మును వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. తరువాత మందుల గురించి కాకుండా ఇంటి గురించి అడగడం మొదలుపెట్టారు.

"అమ్మా, మీ ఇంట్లో కూలర్ వాడతారా? గోడలకు చెమ్మ ఉందా? కోళ్లు, చిలుకలు, పావురాలు ఏమైనా ఉన్నాయా?"

అమ్మీ నా వైపు చూసింది. "పావురాలున్నాయి సార్. పద్దెనిమిది" అంది మెల్లగా.

"ఎక్కడ ఉంటాయి?"

"నేను పడుకునే గది పక్కన వరండాలో."

"ఊరు మారితే దగ్గు తగ్గుతుందా?"

దీనికి నేనే ముందుకు వచ్చి జవాబిచ్చాను. "మా ఇంటికి వస్తే తగ్గుతుంది సార్. రెండు రమజాన్లకూ తగ్గింది. నేను దగ్గరుండి చూసుకుంటాను."

"మీ ఇంట్లో పావురాలున్నాయా?"

"లేవు సార్."

ఆయన ఇంకేమీ అనలేదు. కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఆ ప్రశ్న అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక తల ఎత్తలేకపోయాను. అల్లాహ్ రెండేళ్లుగా నా కళ్లముందు ఉంచిన సూచనను నేను నా సేవకు దక్కిన మెప్పుగా భావించాను. అమ్మీని తేరుకునేలా చేసింది నా వంట కాదు, ఆ వరండాకు దూరంగా పీల్చిన గాలి.

శ్వాస పరీక్షలు, రక్త పరీక్షలు చేసిన తరువాత జబ్బు పేరు చెప్పారు: హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్. పావురాలు పెంచేవారిలో వచ్చే ఈ ఊపిరితిత్తుల జబ్బును అమెరికా వైద్యులు 1965లోనే వర్ణించారు. ఇది క్రిమి వల్ల వచ్చేది కాదు, ఒకరి నుంచి మరొకరికి అంటుకునేదీ కాదు. పావురం ఈకల మీద కంటికి కనిపించనంత సన్నని పొడి ఉంటుంది. ఎండిన రెట్టల ధూళిలోనూ, ఆ పొడిలోనూ పక్షి శరీరపు ప్రొటీన్లుంటాయి. అవి ఊపిరితో పాటు లోతుగా వెళ్లి గాలి గదుల దాకా చేరతాయి. కొందరి శరీరం వాటిని శత్రువులుగా ఎంచి పోరాటానికి దిగుతుంది. ఆ పోరాటంలో దెబ్బతినేది వారి ఊపిరితిత్తులే. గాలి గదుల గోడలు వాచి, ఏళ్లు గడిచేకొద్దీ మచ్చకట్టి గట్టిపడతాయి. అలా గట్టిపడిన భాగం తిరిగి మెత్తబడదు.

ఈ జబ్బు రెండు రకాలుగా కనిపిస్తుందని వైద్యులు వివరించారు. ఒకేసారి ఎక్కువ ధూళి పీల్చినవారికి, అంటే గూడు శుభ్రం చేసినవారికి, నాలుగైదు గంటల తరువాత చలిజ్వరం, దగ్గు, ఒళ్లునొప్పులు వచ్చి ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. దాన్ని ఫ్లూ అనుకుని మరచిపోతారు. రోజూ కొద్దికొద్దిగా పీల్చేవారికి అలాంటి హెచ్చరిక ఉండదు. పొడిదగ్గు, మెట్లు ఎక్కితే ఆయాసం, అలసట, బరువు తగ్గడం మెల్లగా వస్తాయి. మనం వాటిని వయసు ఖాతాలో వేస్తాం. అమ్మీది ఈ రెండో రకం.

"మరి గింజలు వేసిన పక్కింటి పిల్లవాడికి ఏమీ కాలేదు కదా సార్?" అని అడిగాను. పక్షులు పెంచేవారిలో ఎక్కువమందికి ఈ జబ్బు రాదనీ, ఎవరి శరీరం ఎలా ఎదురుతిరుగుతుందో ముందుగా చెప్పగల పరీక్ష లేదనీ ఆయన అన్నారు. స్టిరాయిడ్ మాత్రలు రాస్తూ, "ఇవి మంటను తగ్గిస్తాయి. పావురాలు ఇంట్లో ఉన్నంతకాలం మీరు ఆ మంటలో కట్టెలు వేస్తున్నట్టే" అన్నారు.

తిరుగు ప్రయాణంలో అమ్మీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చాలాదూరం వచ్చాక, "వాటిని పంపించడమంటే మీ అబ్బాను రెండోసారి పంపించడమే" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆమెను అటునుంచి అటే మహబూబ్‌నగర్ తీసుకువచ్చాను.

ఆ రాత్రి తమ్ముడు జిద్దా నుంచి ఫోను చేశాడు. వాడు ప్రతి వారం మొదట అడిగేది పావురాల గురించే. సంగతంతా విని కాసేపు మౌనంగా ఉన్నాడు. తరువాత, "అమ్మీ, అబ్బా వాటిని ఒక్కనాడైనా కిందికి తెచ్చారా?" అని అడిగాడు. అమ్మీ ఆలోచించి, "లేదు. నేను పిల్లల్ని ఇంట్లోకి తెస్తే కోప్పడేవారు. గాలిలో ఉండాల్సినవి గాలిలోనే ఉండాలి అనేవారు" అంది. "మనమే తెచ్చాం అమ్మీ" అన్నాడు వాడు. అమ్మీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తెల్లవారి, "మంచి మనిషిని చూసి ఇవ్వండి, అమ్మకండి" అని తానే చెప్పింది.

అబ్బాకు కూడా చివరి ఏళ్లలో ఆయాసం ఉండేది. బీడీల వల్ల అనుకున్నాం. బహుశా అంతే కావచ్చు. మిద్దె మీద ఉన్నంత మాత్రాన గూళ్లు ఊడ్చేవారికి ప్రమాదం తప్పదని మాత్రం ఇప్పుడు తెలిసింది. ఆయన విషయం తేల్చుకోవడానికి ఇక దారి లేదు.

పావురాలను పంపడం అనుకున్నంత సులువు కాలేదు. కొండమల్లేపల్లిలోని ఒక బంధువుకు ఇచ్చాం. రెండో రోజు ఇల్లు శుభ్రం చేద్దామని నేను దేవరకొండ వెళితే పదహారు పావురాలు మిద్దె పిట్టగోడ మీద వరుసగా కూర్చుని ఉన్నాయి. ఇల్లు మరవని గుణం అల్లాహ్ వాటికిచ్చాడు. ఆ దృశ్యం చూసి నేను అక్కడే కూర్చుండిపోయాను. చివరికి అచ్చంపేట వైపు పొలంలో పావురాలు పెంచే ఒక రైతు ఒప్పుకున్నాడు. నివాసానికి దూరంగా నాలుగు వైపులా గాలి ఆడే పాక ఉంది. నెలకు పైగా వల లోపలే ఉంచి, జతలు గుడ్లు పెట్టాక వదిలాడు. అప్పుడు నిలిచాయి. అమ్మీ జబ్బు సంగతి ఆయనకు దాచకుండా చెప్పాం. మన ఇంటి హానిని తెలియనివారి ఇంటికి తరలించి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు కదా.

తరువాత ఇల్లు. పక్షి వెళ్లిపోయినా దాని ధూళి నెలల తరబడి గోడల్లో, పరుపుల్లో, తెరల్లో ఉండిపోతుందని వైద్యులు హెచ్చరించారు. అమ్మీని దగ్గరికి రానివ్వలేదు. చీపురు ముట్టకుండా, ముందుగా నీళ్లు చల్లి నానబెట్టి, ముక్కుకు ఎన్-95 మాస్కు కట్టుకుని రెట్టలు ఎత్తి పారేశాం. బొంతలు, దిండ్లు, గోనెపట్టాలు పడేశాం. తలుపులు, కిటికీలు తడిగుడ్డతో తుడిచి, గోడలకు సున్నం వేయించాం. అయినా ఆమెను ఇప్పటివరకు ఆ ఇంట్లో నిద్ర చేయనివ్వలేదు.

ఈ రెండేళ్లలో పక్షుల గురించి, ఊపిరి గురించి కొంత చదివాను, కొందరిని అడిగాను. మనవారి ఇళ్లకు పనికివచ్చే నాలుగు మాటలు చెబుతాను.

ఈ జబ్బు పావురాలకే పరిమితం కాదు. లవ్ బర్డ్స్ అని మనం పిలిచే చిన్న చిలుకలు, కాకటీల్స్, ఇంట్లో పెంచే కోళ్లు, చివరికి ఈకల దిండ్లు కూడా కొందరిలో దీన్ని తెస్తాయి. చిలుక జాతి పక్షుల నుంచి వచ్చే సిట్టకోసిస్ అనేది మరో సంగతి. అది బ్యాక్టీరియా వల్ల వచ్చే జ్వరం, న్యుమోనియా. 1929-30లో దక్షిణ అమెరికా నుంచి వచ్చిన చిలుకల ద్వారా అది ఐరోపా, అమెరికా ఇళ్లలోకి ప్రవేశించి ఎందరి ప్రాణాలనో తీసింది. ఇప్పుడు దానికి మందులున్నాయి. అయితే ఇంట్లో పక్షి ఉందని వైద్యునికి తెలిస్తేనే ఆ మందు సకాలంలో అందుతుంది. ఇక పంజరంలోని మన రామచిలుక విషయం వేరు. దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.

మన నల్లగొండ, పాలమూరు ఎండలకు కూలర్ లేని ఇల్లు అరుదు. 2017లో వెలువడిన ఒక అధ్యయనం మన దేశంలోని 19 నగరాలకు చెందిన 27 ఆసుపత్రుల్లో ఊపిరితిత్తులు గట్టిపడే రకం జబ్బులున్న 1084 మందిని పరిశీలించింది. వారిలో సుమారు 47 శాతం మందిది అమ్మీకి వచ్చిన జబ్బే. ఆ 47 శాతంలో దాదాపు సగం మంది ఇళ్లలో కూలర్లున్నాయి. తడి గడ్డి మెత్తలపై పెరిగే బూజు కూడా పక్షి ధూళి చేసే హానినే చేస్తుంది. కిటికీ కూలర్ మీద పావురాలు వాలే ఇళ్లలో ఈ రెండూ కలిసి గదిలోకి వీస్తాయి. వేసవి రాగానే కూలర్ గడ్డిని మార్చండి, తొట్టిని కడిగి ఎండబెట్టండి, దాని మీద పక్షులు వాలకుండా వల కట్టండి.

పావురాలకు గింజలు చల్లడం మన దగ్గర ఎంత ఇష్టమైన పనో నాకు తెలుసు. హైదరాబాదు మక్కా మసీదు ఆవరణలో వాటి మధ్య నిలబడి ఫొటో దిగని పిల్లలుండరు. ఇదే ప్రేమ మీద 2025లో ముంబయిలో పెద్ద వివాదమే చెలరేగింది. ఆరోగ్య కారణాలతో అక్కడి కబూతర్‌ఖానాలను మూసివేయడానికి అధికారులు పూనుకున్నారు, మతవిశ్వాసంతో గింజలు వేసేవారు అడ్డుకున్నారు, విషయం హైకోర్టు దాకా వెళ్లింది. వారి బాధ నాకు అర్థమవుతుంది. అమ్మీ బాధ చూశాను కాబట్టి. వైద్యుల మాటా అర్థమవుతుంది. అమ్మీ స్కాన్ చూశాను కాబట్టి.

పక్షిని ప్రేమించడం మన ధర్మానికి వ్యతిరేకం కాదు. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్ ఒక చిన్న పిట్టను పెంచుకునేవాడు. దైవప్రవక్త (స) ఆ పిల్లవాణ్ణి ముద్దుగా పలకరిస్తూ దాని యోగక్షేమాలు అడిగిన సంగతి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. పిల్లిని బంధించి తిండి పెట్టక చంపిన స్త్రీ శిక్షకు గురైన సంగతి కూడా హదీసుల్లోనే ఉంది. అందుచేత జబ్బు భయంతో పంజరం పక్షులను రోడ్డు మీద వదిలేయడం పరిష్కారం కాదు. పంజరంలో పుట్టినవి బయట బతకలేవు. వాటికి సరైన చోటు వెతకడం మన బాధ్యత. అలాగే మన శరీరానికీ మన మీద హక్కు ఉంది. అది అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. తనకు గాని ఇతరులకు గాని హాని కలిగించరాదన్నది షరీఅత్ మూలసూత్రం. పక్షి హక్కు, ఊపిరి హక్కు పోట్లాడుకోనవసరం లేదు. పక్షి బహిరంగ గాలిలో ఉంటే రెండూ నిలుస్తాయి. వాటిని ఒకే గదిలోకి చేర్చింది మన మమకారం.

సోదరీమణులారా, మీ ఇంట్లో పక్షులుంటే పడకగదికి, వంటింటికి దూరంగా ఉంచండి. గూడును పొడిగా ఊడ్చకండి. ఆ పని పిల్లలకు, ఆస్తమా ఉన్నవారికి అప్పగించకండి. ఎవరికైనా రెండు వారాలు దాటి దగ్గు ఉంటే, క్షయ పరీక్షతో పాటు ఇంట్లోని పక్షుల సంగతి కూడా వైద్యునికి అడగకముందే చెప్పండి. ఊరు మారితే జబ్బు తగ్గి, ఇంటికి రాగానే తిరగబెడుతుంటే అది ఒక సూచన. నాలాగా దాన్ని జారవిడవకండి. జబ్బు తేలినవారు మాస్కు కట్టుకుని పక్షులతో సర్దుకుపోదామనుకోకండి. పక్షి ఇల్లు మారవలసిందే.

అమ్మీ ఇప్పుడు మాతోనే ఉంటోంది. అల్‌హందులిల్లాహ్, దగ్గు చాలావరకు తగ్గింది. మచ్చకట్టిన భాగం మాత్రం అలాగే ఉంది. ఫర్జ్ నమాజు నిలబడి చేస్తుంది, మిగిలినవి కుర్చీలో. సాయంత్రం వాకిట్లో కూర్చున్నప్పుడు తల మీదుగా పావురాల గుంపు వెళితే మాట ఆపి అటే చూస్తుంది. మొన్న తమ్ముడు ఫోను చేసి ఎప్పటిలాగే మొదట పావురాల గురించే అడిగాడు. "అచ్చంపేట నుంచి కబురు వచ్చింది బేటా, నాలుగు పిల్లలు పెట్టాయట" అని చెప్పింది. ఆ వాక్యం మొత్తం ఒక్క ఊపిరిలో చెప్పింది. అది నేను గమనించాను.

అల్లాహ్ మన ఇళ్లలోని పెద్దలకు, పిల్లలకు ఆరోగ్యాన్ని ప్రసాదించుగాక. ఆయన చూపే సూచనలను గుర్తించే బుద్ధిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.